అడుగు కనబడే చారు

అత్తయ్యా, ప్రభువు దయవల్ల శంషాబాద్‌లో నేనూ రూబెనూ కులాసా. నా వంట పని పోలేదు, బెంగపడకండి.

మా గెస్ట్‌హౌస్‌లో ఇద్దరు జపాన్ ఇంజనీర్లు దిగారు. ఒకాయనది టోక్యో, ఇంకొకాయనది ఒసాకా. జపాన్ వాళ్లంతా ఒకేలా తింటారనుకుని, సోయాసాసు బాగా పోసిన నల్లటి చారులో నూడుల్స్ వేసి పెట్టాను. టోక్యో ఆయన జుర్రుకుని తాగేశారు. ఒసాకా ఆయన మాత్రం గిన్నెలోకి తొంగిచూసి, ఫోనులో తెలుగులోకి మార్చి వినిపించారు: "మా ఊళ్లో చారంటే గిన్నె అడుగు కనబడాలి." టోక్యో ఆయన వెంటనే తన ఫోను తీశారు: "అది చారు కాదు, వేడినీళ్లు!"

నాకు మన వంటిల్లే గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో మీ పచ్చిపులుసు చూసి "ఇవేం నీళ్లు?" అన్నాను. మీరు ఊరుకున్నారా? "మీ గుంటూరోళ్లు పులుసును ఉడికిచ్చి ఉడికిచ్చి సంపుతరు. జర పచ్చిగ ఉండనియ్యాలె బిడ్డా" అన్నారు.

మర్నాడు మీలాగే మిరపకాయలు మంటమీద కాల్చి, కారం తగ్గించి పచ్చిపులుసు చేశాను. ఒసాకా ఆయన మూడు గిన్నెలు తాగారు. "మీ అమ్మగారు నేర్పారా?" అని ఫోను అడిగింది. అవునన్నాను.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? దవాఖానకు వెళ్లారా? షాద్‌నగర్ నుంచి ఎవరైనా ఇటు వస్తే మీ పాత చింతపండు పంపండి, ఇక్కడిది పులుపెక్కడం లేదు. చిన్నారి జూలీకి ముద్దులు.

ఫోనులో చెబితే పక్కనుంచి రూబెన్ నవ్వుతాడని కార్డు రాస్తున్నాను. ఆ "నీళ్లు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి.

మీ దీవెనలు కోరే
జయశీల