బ్లోయరు ఆపిన శనివారం

హూడి, బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

రమణక్కకు తమ్ముడు ఓబులేసు నమస్కారాలు.

నేను, సుజాత, పాప ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా బాగున్నావనీ, ఇంట్లో అందరూ తిరుగుతూ పని చేసుకుంటూ ఉన్నారనీ అనుకుంటున్నాను. బావకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాసుకుంటున్నాడా, లేక సీసాను గూట్లో పెట్టి దండం పెట్టుకుంటున్నాడా?

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేంటని సుజాత నవ్వింది. ఫోన్లో అయితే పక్కన బావ కూర్చుని మాట మాటకూ అడ్డం వస్తాడు, అందుకే రాస్తున్నానని నువ్వు రాశావు. మంచి పని చేశావక్కా. నేనూ ఫోన్లో అయితే ఈ సంగతి నోరు తెరిచి చెప్పలేకపోయేవాణ్ణి.

ఇక్కడ ఎండ మనూరి ఎండకేమీ తీసిపోదు. బెంగళూరంటే చల్లగా ఉంటుందని చెప్పినోళ్ళను మా గది రేకుల కింద ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టాలి. సుజాత కాడుగోడిలో బట్టలు కుట్టే చోట చేరింది. పాప బళ్ళో కన్నడం నేర్చుకుని మాకే తప్పులు దిద్దుతోంది. నా పని అదే, రెండు బ్లాకుల అపార్ట్‌మెంటులో ఎలక్ట్రీషియను పని. లిఫ్టులు, మోటార్లు, జనరేటరు, అన్నీ నేనే చూడాలి. పనికి ఢోకా లేదు, నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు. ఎటొచ్చీ సాయంత్రాలు మాత్రం ఊరు గుర్తొస్తుంది. ఇంతమంది జనం మధ్య మనిషికి ఇంత ఒంటరిగా ఎట్లా అనిపిస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంక నువ్వు అడిగిన సంగతికి వస్తాను. వారానికో రోజు గంటసేపు దీపాలు ఆర్పాలని మీ పొదుపు సంఘంలో అనుకున్నారనీ, నువ్వు ఇల్లిల్లూ తిరిగి వీధి మొత్తం ఒప్పించావనీ, బావేమో "నువ్వు బల్బు ఆర్పితే భూమి చల్లబడతాదా" అని పదిమందిలో నవ్వాడనీ రాశావు. "నువ్వు కరెంటు పని తెలిసినోడివి. నేను చేసింది మంచా, నాటకమా? నువ్వు ఏది చెప్తే అది నమ్ముతా" అన్నావు. ఆ మాట చదివి నేను ఉత్తరం మడిచి దిండు కింద పెట్టేశాను. ఎందుకంటే నీ ఉత్తరం వచ్చిన రోజుకు నా మీద ఒక అబద్ధం ఉంది. దానివల్ల ఒక మనిషి పని పోయే దాకా వచ్చింది.

మా అపార్ట్‌మెంటులో సావిత్రి మేడం అని ఉన్నారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. సుజాతకు జ్వరం వచ్చినప్పుడు కషాయం కాచి మా గదికే తెచ్చిన మనిషి. ఆ మేడం కూడా నీలాగే, ఒక శనివారం రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా అందరూ దీపాలు ఆర్పి కిందికి రావాలని తలుపు తలుపూ తట్టారు. మా సెక్రటరీ సారు వెటకారం చేశాడు. "ఒక గంటకు ఏమొస్తుంది మేడం, ఫోటోలొస్తాయి" అన్నాడు. మేడంకు రోషం వచ్చింది. నన్ను పిలిచి, "ఓబులేసూ, కామన్ మీటరు ముందొకసారి, వెనకొకసారి చూసి పెట్టప్పా. ఎంత తగ్గిందో అందరి ముందర చెప్తాను" అన్నారు.

నాకు లోపల గుబులు పట్టింది. ఎందుకంటే ఇళ్ళ మీటర్లు వేరే. కామన్ మీటరు మీద నడిచేవి లిఫ్టులు, నీళ్ళ మోటార్లు, వరండా లైట్లు, మురుగునీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు. జనం ఇళ్ళల్లో ఫ్యాన్లు ఆపితే ఆ మీటరులో ఒక్క యూనిట్ కూడా తగ్గదు. ఆమె పదిమందిలో నవ్వులపాలవుతారు.

అందుకని ఏం చేశానో తెలుసా? ఎనిమిది కొట్టగానే వరండా లైట్లు తీశాను, మోటార్లు ఆపాను, బేస్‌మెంటుకు దిగి ప్లాంటులో బ్లోయరు కూడా ఆపేశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు!

బ్లోయరంటే నీకు చెప్పాలి. ఆ ప్లాంటు తొట్లలో కంటికి కనపడని పురుగులుంటాయి. మురుగును తినేవి అవే. వాటికి ఊపిరాడాలంటే పగలూ రాత్రీ నీళ్ళలోకి గాలి కొడుతూనే ఉండాలి. ఆ గాలి కొట్టే మిషనే బ్లోయరు. దాన్ని చూసుకునేది నాగప్ప. మన మడకశిర పక్కన పావగడ వాడు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఆ రెండు రోజులు తమ్ముడి కూతురి పేరు పెట్టే పండగకు ఊరికి పోయాడు. పోతా పోతా, "రేపు ఒకసారి దిగి చూడప్పా, ఇంకేమీ చెయ్యబన్లేదు" అని నాకే అప్పజెప్పి పోయాడు.

ఆ గంట మాత్రం బాగుందక్కా, ఆ మాట దాచను. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని దిగారు. మైకుకు కరెంటు కావాలి కదా, దానికి డీజిలు జనరేటరు పెట్టించారు! వండుకోలేదని బిరియానీ తెప్పించుకుంటే గేటు దగ్గర బైకులు వరసగా నిలబడ్డాయి. నవ్వొచ్చింది కానీ, ఒకే అంతస్తులో నాలుగేళ్ళు ఎదురెదురు ఇళ్ళల్లో ఉండి పేర్లు తెలియనివాళ్ళు ఆ చీకట్లో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నారు. తొమ్మిదికి నేను మీటరు చూసి చెప్పాను. రోజూ ఆ గంటకు కాలేదానిలో సగానికి సగం తగ్గింది. చప్పట్లు మోగిపోయాయి. మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను పిలిచి శాలువా కప్పారు. సెక్రటరీ సారు ముఖం చూడాల్సింది.

ఆ సంబరంలో పైన లైట్లు వేశాను, మోటార్లు వేశాను, బ్లోయరు మరిచిపోయాను. మర్నాడు ఆదివారం నాకు సెలవు. దిగి చూస్తానన్నవాణ్ణి చూడలేదు. పాపను తీసుకుని సంతకు పోయాను.

సోమవారం నాగప్ప వచ్చేసరికి తొట్లలో నీళ్ళు నల్లగా తిరిగిపోయాయి. వాసన మెట్ల మీదుగా మూడో అంతస్తుకెక్కింది. శుభ్రం చేసిన నీళ్ళే మొక్కలకూ, మరుగుదొడ్లకూ పోతాయి కాబట్టి ప్రతి ఇంట్లో అదే కంపు. మిగిలింది కాలవలోకి వదిలారు, ఆ కాలవ పోయేది చెరువుకు. భూమికి మేలు చేద్దామని పెట్టుకున్న గంట చెరువుకు మురుగు పంపించింది. దాని కర్త నీ తమ్ముడు.

సెక్రటరీ సారు పనివాళ్ళందరినీ నిలబెట్టి అడిగాడు. గుమ్మడికాయల దొంగలాగా నేనే భుజాలు తడుముకున్నాను. "ట్రిప్ అయి దానంతటదే ఆగినట్టుంది సార్" అన్నాను. ఆ ఒక్క మాటతో నింద నాగప్ప మీదకు పోయింది. సరిగ్గా అప్పజెప్పకుండా సెలవు మీద పోయాడని, వచ్చే సోమవారం నుంచి పనికి రావద్దన్నారు. వాడు నా పేరు ఎత్తలేదక్కా. నాకు అప్పజెప్పానని ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. ఊరికే బకెట్లు తీసుకుని హూడిలో పాడి పెట్టుకున్న ముసలాయన దగ్గర ఆవుపేడ తెచ్చి, బెల్లం కలిపి తొట్లో పోశాడు. చచ్చిన పురుగుల చోట కొత్తవి పుట్టడానికి అదే మందు. పని పోతుందని తెలిసీ ఆ పని మానలేదు. నేను మూడు రోజులు వాడి వైపు చూడకుండా తిరిగాను. సిగ్గు లేని ముఖం వేసుకుని తిరిగాను.

గురువారం నీ ఉత్తరం వచ్చింది. నువ్వు ఏది చెప్తే అది నమ్ముతా అన్నావు. నీకు నిజం రాయాలంటే ముందు ఇక్కడ చెప్పాలి కదా అనిపించింది. శుక్రవారం పొద్దున్నే మేడం తలుపు కొట్టి, నిలబడే మొత్తం చెప్పేశాను.

మేడం, "నేను నిన్ను అబద్ధం చెప్పమని అడిగితినా అప్పా?" అన్నారు.

"లేదు మేడం. మీరు గెలవాలని."

"నేను గెలిచి ఏం చేసుకుంటానప్పా! ఆ మనిషికి పని పోతా ఉండాదే!" అని కేకేశారు. అంతలోనే చెప్పులు వేసుకుని, "ఆ రూము యాడ ఉండాదో చూపియ్యి" అన్నారు. ఆ అపార్ట్‌మెంటులో పదకొండేళ్ళుగా ఉన్నారు, ఒక్కసారి కూడా బేస్‌మెంటులో ఆ మూలకు పోలేదట.

మెట్లు దిగుతుంటేనే కంపు కొట్టింది. మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. లోపల నాగప్ప ఏమీ అడ్డం లేకుండా పేడనీళ్ళు కలుపుతున్నాడు. వాణ్ణి చూసి మేడం కొంగు దించేశారు. "నీ పేరేమప్పా?" అని అడిగి, వాడి ముందు చేతులు జోడించారు. నేనేం చేశానో నేనే చెప్పాను. నాగప్ప విన్నాడు. కర్ర తిప్పుతూనే ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఆదివారం మీటింగులో మేడం నిలబడి, సగం తగ్గిందని నోటీసుబోర్డు మీద తనే రాసి పెట్టిన కాగితం చించి, "ఇది తప్పు లెక్క. నాకు చప్పట్లు కావాలని ఉండె, అందుకే ఎట్లా తగ్గిందని అడగలేదు. తప్పు నాది కూడా" అన్నారు. నాగప్ప పని నిలబడింది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఇంటికి పొమ్మన్నారు నన్ను. న్యాయమే. ఆ తర్వాత బెల్లం మందని తెలిసి జనం ఇంటికో అచ్చు తెచ్చి ఇస్తుంటే, "చాలు తల్లీ, ఎక్కువైతే అవి తిని చస్తాయి" అని నాగప్ప చేతులెత్తేశాడు.

ఇప్పుడు నీకు జవాబు చెప్తాను. ఆ గంట కరెంటు ఆదా అవుతుందా అంటే, అవుతుంది, చిటికెడు. బావ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నువ్వు చేసింది నాటకం కాదక్కా. ఆ గంట లేకపోతే మేడం బేస్‌మెంటుకు దిగేవారే కాదు. ఇప్పుడు సాయంత్రాలు నాలుగిళ్ళవాళ్ళు నా వెంట మోటారు గదికి వస్తున్నారు. ట్యాంకు నిండినా ఆగకుండా మోటారు తిరుగుతోందని, నడిపే నాకు కనపడనిది మొన్న వాళ్ళే పట్టుకున్నారు. మీ వీధిలో కూడా నీళ్ళ ట్యాంకు పొంగి రోజూ రోడ్డు మీద పారుతుంది కదా. దాని మోటారు వేసి ఆపేది బావే కదా! దీపాలు ఆర్పిన గంటలో మీ సంఘం ఆడవాళ్ళంతా అక్కడికి పోయి నిలబడండి. అప్పుడు నవ్వుతాడేమో చూద్దాం. దీపం ఆర్పడం మానొద్దు, అంతటితో పనైపోయిందని మాత్రం అనుకోవద్దు. నేను అనుకున్నాను కాబట్టి చెప్తున్నాను.

ఎవరైనా ఇటు వస్తుంటే రెండు సేర్లు ఉలవలు పంపు. ఇక్కడివి ఎంత ఉడికినా రాళ్ళే. పాపకు నీ పాత రవికగుడ్డలేమైనా ఉంటే పంపు, సుజాత గౌను కుడుతుంది. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు. బావకు కూడా, ఎంత వెటకారం చేసినా పెద్దవాడు కదా. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

నీ తమ్ముడు,
ఓబులేసు.

తా.క. ఈ ఉత్తరం మడుస్తుంటే నాగప్ప గది దాకా వచ్చాడు. తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడనివాడు. చేతిలో గాజు జాడీ ఉంది. తొట్లో నీళ్ళు పట్టి తెచ్చాడు. గడప మీద పెట్టి అరగంట ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మడ్డి మెల్లగా అడుక్కు దిగింది, పైన నీళ్ళు తేటపడ్డాయి; పురుగులు మళ్ళీ బతికితేనే అట్లా తేటపడేది. అప్పుడు లేచి, నా వైపు చూడకుండానే, "ఊట ఆయితా?" అన్నాడు. తిన్నావా అని. నేను అప్పటికే తిన్నాను. లేదన్నాను.