ఎడమ మెలిక

మే 6

మళ్ళీ మేస్త్రితో గొడవ. కారణం ఒక వైరు ముక్క.

మా యార్డులో పాత కార్లను విప్పి, పనికొచ్చే భాగాలను కడిగి, కట్టలు కట్టి సరిహద్దు అవతలికి పంపుతారు. ఇంజన్లు, గేర్‌బాక్సులు, డోర్లు. ఇక్కడ చచ్చిన కారు అక్కడ పది కార్లలో బతుకుతుంది. నా పని డోర్లు. మధ్య మధ్య పాత దుప్పటి గుడ్డ వేసి, డోర్లను ఒకదానికొకటి ఆనించి, బైండింగ్ వైరు చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో మెలితిప్పి బిగించాలి. నాది ఎడమచెయ్యి. నేను తిప్పితే మెలిక ఎడమవైపు పడుతుంది. లోకమంతా కుడివైపు తిప్పుతుంది. విప్పేవాడు అలవాటు చొప్పున తిప్పాడా, నా మెలిక ఊడదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది.

అవతల సరుకు దించుకునేవాళ్ళు మనందరినీ కలిపి తిడుతున్నారు, కుడివైపు తిప్పి చావరా అన్నాడు మేస్త్రి. నా చెయ్యి నా ఇష్టం అన్నాను. చేతిని కూడా ఓనరు కొనుక్కున్నాడా అని అడిగాను. చేతిని కొనుక్కున్నాడు, దాంతోపాటు నోరు ఫ్రీగా వచ్చింది, అదే మా ఖర్మ అన్నాడు. యార్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది బావ.

బావ ఈ యార్డులోనే ట్రైలర్ డ్రైవరు. అక్క మొగుడు. నన్ను పనిలో పెట్టించిందీ ఆయనే. అందుకని నవ్వే హక్కు ఉందనుకుంటాడు.

మే 9

నేనుండేది అక్కావాళ్ళ ఇంట్లోనే. ముందుగదిలో గోడవారగా నా మంచం, మంచం కింద నా కరపత్రాలు. మీటింగుల్లో పంచినవి, బస్టాండులో కాళ్ళకింద పడినవి, పాత పేపర్ల కొట్టులో ఏరుకున్నవి. కాలేజీ మెట్లెక్కకపోతేనేం, నాకు తెలిసింది నాకు తెలుసు.

ఇవాళ భోజనాల దగ్గర బావ అందులో ఒకటి లాగి, గరిటెను మైకులా పట్టుకుని మొదలెట్టాడు. శ్రామిక సోదరులారా, లేవండి! అక్క వెంటనే, ఆ సోదరుణ్ణి ముందు లేచి నీళ్ళ బిందె దించమనండి, తర్వాత లోకాన్ని లేపుదురుగాని అంది. నాకు ఒళ్ళు మండింది. మీలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా తగలడింది అన్నాను. తగలడిన దేశానికి స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో బామ్మర్దీ, లోడు నేను తోలుకొస్తా అన్నాడు బావ.

కంచం వదిలి లేచాను. చాలాసేపు కోపంగా ఉన్నాను. కోపం పోయాక ఆకలి మిగిలింది.

మే 11

బ్రేక్ లైనింగులు గీకే షెడ్డులో అందరికీ ఒకేరకం దగ్గు. పొడిగా, అరిగిన గేరు పళ్ళలా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందంటే ఇక బయటికి రాదని నా దగ్గరున్న ఒక కరపత్రంలో ఉంది. ఓనరు దగ్గరికి వెళ్ళి మాస్కులు అడిగాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పు, మా నాన్న కూడా అదే కట్టుకున్నాడు అన్నాడు. వాళ్ళ నాన్న ఎలా పోయాడని అడిగాను. మేస్త్రి నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇక్కడ మేం దులిపిన లైనింగునే అవతల ఇంకొకడు మళ్ళీ గీకుతాడు. వాడికీ గుడ్డే గతి. వాడెవడో నాకు తెలియదు, నేనెవడినో వాడికి తెలియదు. ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ ఒకటే కారు.

ఈ వాక్యం బాగుంది. వాడుకోవాలి.

మే 13

సొంతంగా కరపత్రం రాశాను! మొదటిసారి.

"సోదరులారా, ఈ డోర్లు విప్పిన మీ చేతులకు వీటిని కట్టిన చేతులు దండం పెడుతున్నాయి." అలా మొదలవుతుంది. తర్వాత దుమ్ము సంగతి, దగ్గు సంగతి. ఇటూ అటూ అందరం ఒకేరోజు పని ఆపితే ఏ ఓనరైనా మాస్కులు కొనక చస్తాడా అన్న సంగతి. జెరాక్స్ షాపతను మొదటి వరుస చూసి, కార్ల షోరూం ప్రకటనా బాబూ అని అడిగాడు. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి అక్కకు చదివి వినిపించాను. బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. కట్టినవి ఎడమచేతులని కూడా రాయరా, లేకపోతే విప్పలేక చస్తారు అన్నాడు. అక్క పడీపడీ నవ్వింది.

వీళ్ళకు ఇక ఏదీ చెప్పను. ఏదీ.

మే 15

పెట్టేశాను. డోరుకు లోపలివైపు ప్లాస్టిక్ ట్రిమ్ ఉంటుంది. దాని క్లిప్పులు ఊడదీస్తే వెనక బోలెడు ఖాళీ. ప్రతి కట్టలో ఒక డోరు చొప్పున ట్రిమ్ తీసి, కాగితాలు పెట్టి, మళ్ళీ నొక్కేశాను. మెకానిక్ విప్పితే తప్ప కనపడవు. మెకానిక్కే విప్పాలి. రాసింది వాళ్ళకోసమే.

తోలేది బావ. చెప్పలేదు. చెబితే ఆపుతాడని కాదు, నవ్వుతాడని.

మే 16

బావ వెళ్ళాడు. కేబిన్ ఎక్కబోతూ మళ్ళీ దిగొచ్చి నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఎక్కాడు.

మే 19

ఈపాటికి రావాలి. అవతల గ్యారేజీల్లో సమ్మె జరుగుతోందట, సరిహద్దు గేటు దగ్గర బళ్ళు బారులు తీరాయట. సమ్మె అంటే నాకు సంతోషంగా ఉండాలి. లేదు.

మే 20

మీసాలాయన తిరిగొచ్చాడు. ఆయనా మా యార్డు డ్రైవరే, ఆయన బండి బావ వెనకే ఉంది. చూసిందంతా చెప్పాడు. నేను గేర్‌బాక్సుల కుప్ప పట్టుకుని నిలబడి విన్నాను.

రెండు గేట్ల మధ్య ఇన్‌స్పెక్షన్ షెడ్డు ఉంటుంది. మామూలుగా కంటైనర్ తలుపు తీసి టార్చి వేసి చూసి పంపేస్తారు. సమ్మె కదా, ఈసారి ఒక్కో కట్టా దించి విప్పమన్నారట. అక్కడి మనిషి డోర్ల కట్ట విప్పబోయాడు. తిప్పినకొద్దీ బిగుసుకుంటోంది. ఇదేం దిక్కుమాలిన ముడిరా అని బలమంతా పెట్టి తిప్పాడట. వైరు తెగి డోర్లు నేలమీద పడ్డాయి. ఒక ట్రిమ్ పగిలింది.

కాగితాలు షెడ్డంతా ఎగిరాయట.

అన్ని కట్టలూ కోసి చూశారు. సమ్మెవాళ్ళను రెచ్చగొట్టే కాగితాలు దొంగతనంగా తెచ్చాడని బావను లోపల వేశారు. మీ బావ ఒక కాగితం తీసి చూశాడురా, చూసి నవ్వాడు, నాకు అదే అర్థం కాలేదు అన్నాడు మీసాలాయన.

నాకు అర్థమైంది. మొదటి వరుస చూసి ఉంటాడు.

మే 20, మధ్యాహ్నం

నా మెలిక. నా కాగితం. ఆయన చేతులకు బేడీలు.

మే 21

అక్క ఏమీ తినడం లేదు. నన్ను మాత్రం తినమంటోంది. ఆయన నవ్వులాట మనిషే గాని ఇలాంటి పనులు చేసేవాడు కాదురా, ఎవడో కిట్టనివాడు పెట్టి ఉంటాడు, వాడి చేతులు పడిపోను అంది. నా ఎడమచెయ్యి కంచంలో ఉంది. తీసి వెనక దాచుకున్నాను. ఎందుకు దాచానో తెలియదు.

చెప్పాలి. రేపు చెబుతాను.

మే 22

సంతకం పెట్టాను.

మే 23

ఎందుకు పెట్టానో రాయాలి.

ఓనరు అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. తప్పు తనదేనని డ్రైవరే అక్కడ ఒప్పుకుని రాసిచ్చాడట. మన నెత్తిన పాలు పోశాడు, ఇక యార్డు జోలికి ఎవరూ రారు అన్నాడు. ఆ లోడు కట్టింది కూడా డ్రైవరేనని కింద మేమంతా సంతకాలు పెట్టాలట. మేస్త్రి పెట్టాడు. లైనింగుల షెడ్డువాళ్ళు దగ్గుకుంటూ పెట్టారు. నా వంతు వచ్చింది. వీడిప్పుడు బల్ల తిరగేస్తాడని అందరూ ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. వాడు రాలేదు, ఆ బల్ల తిరగేసేవాడు. పెన్ను తీసుకుని పెట్టేశాను. బుద్ధిమంతుడివి అయ్యావురా అని ఓనరు భుజం తట్టాడు.

బావ ఎందుకు ఒప్పుకున్నాడు? ఆ కాగితం ఎవరిదో ఆయనకు తెలుసు. ఒక్క మాట చెబితే బయటపడేవాడు. చెప్పలేదు. నేనేమో సంతకం కూడా పెట్టొచ్చాను.

మంచం కింది కాగితాలు బయటికి లాగి చూశాను. ధైర్యం, త్యాగం, తెగింపు. పేజీకొకటి. వాటిలో ఒక్కటీ నాతో ఆఫీసు గదిలోకి రాలేదు.

మే 24

అక్కకు చెప్పాను.

పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్కా అవి నా కాగితాలు అన్నాను. ఆమె బావ చొక్కా దులిపి తీగమీద వేసి, క్లిప్పు పెట్టి, ఇంకో చొక్కా తీసింది. వినలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. విన్నానురా, చెవుడు లేదు నాకు అంది. నిన్నే తిట్టాను కదా మొన్న, చేతులు పడిపోవాలని, నువ్వు పక్కనే కూర్చుని తిన్నావు అంది. సంతకం సంగతీ, వెళ్ళి ఒప్పుకుంటానన్న సంగతీ చెప్పాను. అప్పుడు కొట్టింది. తడి చొక్కాతో. కొట్టి కొట్టి బకెట్ పక్కన కూలబడింది.

ఇద్దరూ కలిసి నన్ను ఒంటిదాన్ని చేద్దామనుకున్నార్రా అని అడిగింది. ఆయన నిన్ను కాపాడితే, నువ్వు ఆయన్ని కాపాడబోయి లోపలికి పోతే, మరి నన్నెవరు కాపాడాలి? పోవద్దు అంది. మళ్ళీ తనే, పోకపోతే నా మొహం చూడకు అంది. రెండూ నిజంగానే అంది.

కొంచెంసేపటికి బావ సంచీ సర్ది తెచ్చింది. చలిచొక్కా, దువ్వెన, గెడ్డం సామాను. వస్తే ఆయనతో రా, లేకపోతే ఆయన్ని పంపు అంది. ఒక్కడివే మాత్రం ఈ గుమ్మం తొక్కకు.

మే 26, పొద్దున

మీసాలాయన బండిలో వచ్చాను. దారంతా ఆయన ఒక్కటే అన్నాడు. నోటితో వెళ్తున్నావా, బుర్రతో వెళ్తున్నావా అని.

షెడ్డు రేకులది. నేలమీద డోర్లు, చుట్టూ తెగిన వైరు ముక్కలు. అన్నీ ఎడమ మెలికలే. ఊళ్ళో అయితే చూసి గర్వపడేవాణ్ణి.

ఆఫీసరును కలిశాను. ఆ కాగితాలు నావి, రాసిందీ పెట్టిందీ కట్టిందీ నేనే అన్నాను. ఆయన టీ తాగుతూ, మీ యార్డువాళ్ళంతా డ్రైవరే కట్టాడని సంతకాలు పెట్టి పంపారు, అందులో నీదీ ఉంది కదయ్యా అన్నాడు. చూపించాడు కూడా. నా సంతకమే. ఎంత చక్కగా పెట్టానో.

రోజూ ఎవడో ఒకడు వచ్చి మా అన్న కాదు నేను, మా మామ కాదు నేను అంటాడు, మీ ఇళ్ళల్లో అందరూ త్యాగమూర్తులేనా అన్నాడు. అరిచాను. బల్ల మీద కొట్టాను. గార్డు వచ్చి బెంచీ మీద కూలేశాడు. ఇన్నాళ్ళూ నాకు తెలిసిన పోరాటమంతా ఇదే, అరవడం. అది ఒక్క నిమిషంలో అయిపోయింది.

మే 26, సాయంత్రం

బెంచీ మీద కూర్చుని వైరు ముక్కలకేసే చూస్తుంటే తట్టింది. ఈసారి అరవలేదు. సార్, ఆ మెలికలు ఏవైపు తిరిగాయో ఒక్కసారి చూడండి అన్నాను. మా బావది కుడిచెయ్యి అన్నాను.

ఆఫీసరు ఒక ముక్క తీసి చూశాడు. తనే ఇంకో వైరు తిప్పి పక్కన పెట్టి చూశాడు. బావను తీసుకురమ్మన్నాడు.

బావ చిక్కిపోయాడు. నన్ను చూసి మొహం నల్లబడింది. వీడి మాట నమ్మకండి సార్, వీడికి నోరు తప్ప చేతులు లేవు, కట్టమంటే బూటు తాడు కూడా కట్టలేడు అన్నాడు. మరి ఈ మెలిక నువ్వెలా వేశావని అడిగాడు ఆఫీసరు. నాకు రెండుచేతుల వాటం ఉందన్నాడు బావ. అయితే ఇద్దరూ తలొక కట్టా కట్టండి అన్నాడు ఆఫీసరు.

కట్టాం. పక్కపక్కన. ఎవరు నేరస్తుడో తేల్చుకునే పందెంలా.

బావ ప్లేయర్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. స్టీరింగ్ పట్టుకుంటే కొండనైనా ఎక్కించే మనిషి, నుదుటిన చెమటతో ఒక వైరు ముక్కను ఎడమవైపు తిప్పలేకపోయాడు. ప్లేయర్ జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ఆగరా, నువ్వు కట్టకు అని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. బతిమాలినట్టు. బావ నన్ను బతిమాలడం ఎప్పుడూ వినలేదు.

కుడివైపు తిప్పితే చాలు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం.

నా చెయ్యి తిప్పినట్టే తిప్పాను. ఎడమవైపు.

ఆఫీసరు వంగి నా కట్ట విప్పబోయాడు. బిగుసుకుంది.

మే 27

బావను వదిలారు. కాగితాలు తీసేశారు గనక లోడు అవతలికి పోవచ్చట. డోర్లన్నీ విప్పింది మీ వల్లే, మీరే కట్టి చావండి అన్నారు. బావ చెయ్యి ప్లేయర్ జారి కోసుకుపోయింది. నన్ను తీసుకెళ్ళే జీపు వచ్చేలోగా అన్నీ నేనే కట్టాను. చలిచొక్కా బావ నాకే తొడిగాడు.  నవ్వలేదు.

మెలికలన్నీ కుడివైపు తిప్పాను. వేళ్ళు తిరగలేదు, తిప్పాను.

అవతల సమ్మె, దించేవాళ్ళెవరూ లేరు. వీటిని దించి విప్పుకోవాల్సింది బావ ఒక్కడే.