బెల్టు అవతల మీరు

ఏవండీ,

ఈరోజు ఢిల్లీ ఎయిర్‌పోర్టుకి ఒక్కదాన్నే వచ్చాను. గోదావరిలో కలిపేదాకా మీ అస్థికల్ని నేల మీద పెట్టకూడదన్నారని, కంటోన్మెంట్ నుంచి టాక్సీలో వచ్చినంతసేపూ కలశాన్ని ఒళ్లోంచి దించలేదు. లోపల ఆ జనాన్ని, ఆ బోర్డుల్ని చూసేసరికి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఇన్నాళ్లూ మీ చొక్కా చూసుకుంటూ వెనకాలే నడిచేదాన్ని కదా.

సెక్యూరిటీలో లేడీ కానిస్టేబుల్ ట్రే ముందుకు తోసింది.

"దీదీ, అది ఇందులో పెట్టండి."

"కింద పెట్టకూడదు బేటీ. మా ఆయన."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ట్రేలోకే కదా దీదీ, నేల మీద కాదు."

రబ్బరు తెరల వెనక మీరు మాయమయ్యారు. తనిఖీ అయ్యీ అవగానే అవతలికి పరిగెత్తాను.

ఎప్పట్లాగే ముందు వెళ్లి, నాకోసం ఆగి ఉన్నారు.

ఎటు వెళ్లాలో మాత్రం చెప్పలేదు.