తాడు పట్టిన చెయ్యి

చిరంజీవి సాయిదుర్గకు నాన్న వెయ్యి దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం అని ప్రతిసారీ రాసేవాడిని కదమ్మా, అందులో సగం అబద్ధం. ఈసారి నిజంగా క్షేమం. తల్లీ, నీ తమ్ముడు పిడికిలి బిగించాడు! మన శంకర్ కుడిచెయ్యి ముడుచుకుంది! ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను, కళ్ళనీళ్ళు పడి.

ముందు నువ్వడిగినవి చెబుతాను. అమ్మ మోకాలు పర్వాలేదు. మెట్లు దిగేటప్పుడల్లా నన్ను తిడుతోంది, అంటే ఒంట్లో బాగున్నట్టే. మనవరాలికి పళ్ళు వచ్చాయని రాశావు, ఎన్నో రాయలేదు. ఫోను చెయ్యక ఈ ఉత్తరాలెందుకని అడిగావు. ఫోనులో నీ గొంతు వినపడగానే ‘అంతా బాగే’ అనేస్తాను. కాగితం ముందు కూర్చుంటే అలా అనలేను. మీ పోర్టుబ్లెయిర్ ఓడెక్కే మనిషి దొరికాడు, అతని చేతికిస్తున్నాను.

మనసుకు వైద్యం చేసే చంద్రిక గారి దగ్గరికి వాణ్ణి తీసుకెళ్ళమని నువ్వు ఎంత పోరావో! బోటు తిరగబడి శంకర్ జతగాడు అర్జునరావు పోయిన దగ్గర్నుంచి, రెండేళ్ళుగా, ఇరవై ఆరేళ్ళ మనిషి గ్లాసు పట్టలేడు, ముద్ద కలపలేడు. నరాలు బాగానే ఉన్నాయి, మనసుకు చూపించండని ఆసుపత్రిలో చెప్పారు. నేను చూపించానా? సముద్రం వినపడకపోతే మరిచిపోతాడని జాలారిపేట వదిలేసి దువ్వాడలో గది అద్దెకు తీసుకున్నాను. అర్జున్ పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. వాడేమో రైళ్ళ చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చివరికి నీ పోరు పడలేక ఒప్పుకున్నాను. మొదటి రోజు మధురవాడలో చంద్రిక గారి గదికి వెళ్ళాం. ఆవిడ బోటు సంగతే ఎత్తలేదు. “ఊపిరి ఎక్కడిదాకా దిగుతోంది శంకర్?” అని మాత్రం అడిగారు. వాడు గుండె మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత గదిలో కాదు, తెల్లారేసరికి మన పేట ఒడ్డుకే రమ్మన్నారు. చెప్పులు విప్పించి తడి ఇసకలో నిలబెట్టారు. కెరటం వచ్చేటప్పుడు ఊపిరి తియ్యాలి, వెనక్కి పోయేటప్పుడు వదలాలి. వారం వారం ఇదే! నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏటమ్మా ఇది? మా తాతలకాడ్నుంచీ ఇసకలోనే నిలబడతన్నాం. దీనికి పెద్ద సదువులు సదవాలేటి?” అన్నాను.

ఆవిడ నవ్వి, “మీకు తెలిసిన సంగతే బాబాయ్. భయంలో శంకర్ ఒళ్ళు దాన్ని మరిచిపోయింది. ఒంటికే గుర్తు చేస్తున్నాం” అన్నారు.

మీ అమ్మ ఊరుకుంటుందా? “నీకు తెలిసింది నీ దగ్గరే ఉంచుకో. ఆ పిల్లని పని సెయ్యనీ” అంది.

ఒకరోజు చేతులు ఇసకలో దూర్చి కూర్చున్నప్పుడు శంకర్ తనంతట తనే అన్నాడు. “తాడు ఆ సివర అర్జున్ ఉన్నాడు మేడమ్. నాను వదిలీసినాను.” నీ తప్పేం లేదని ఆవిడ అనలేదు. “ఆ చెయ్యి ఇప్పుడెలా ఉంది?” అన్నారు. “మండతంది” అన్నాడు. మంట చల్లారేదాకా ఆ అరచెయ్యి మీద తడి ఇసక పోస్తూ కూర్చున్నారు. నేను అటు తిరిగిపోయాను.

ఇక్కడ ఆగి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి వచ్చానమ్మా.

తర్వాతి వారం ఆవిడ నావైపు చూసి, “మీరూ చెప్పులు విప్పండి బాబాయ్. మీకెక్కడ పట్టేసింది?” అన్నారు. హాస్యానికి అన్నారనుకున్నాను. నా చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోయింది.

నీకూ చెప్పలేదు, మీ అమ్మకూ చెప్పలేదు. అర్జున్ పోయిన నెలకి వాళ్ళమ్మ గంగాలమ్మ రెండు బస్సులు మారి, క్యారేజీ నిండా చేపల పులుసు పట్టుకుని దువ్వాడ వచ్చింది. “నా కొడుకు ఎలాగూ పోనాడు, నీ కొడుకునైనా సూసుకోనీ అన్నయ్యా” అంది. వీధి చివరే ఆపేశాను. వాడు నీ మొహం చూడనంటున్నాడని పంపేశాను. ఇంట్లోకి వచ్చి వాడితో, గంగాలమ్మ నీ మొహం చూపించొద్దంది అని చెప్పాను. ఆమె దగ్గరికి తీస్తే వీడు మళ్ళీ బోటెక్కుతాడు. ఒకసారి వదిలిన సముద్రం రెండోసారి వదలదని నా భయం. ఆ తర్వాత ఆమె ఇంకో రెండుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆ క్యారేజీ మూత తియ్యకుండానే వెనక్కి పోయింది.

అదంతా ఆ ఇసకలో, శంకర్ ముందే చెప్పేశాను. వాడు నన్ను ఒక్క చూపు చూసి లేచి పేటలోకి నడిచాడు. నేను ఆయాసపడుతూ వెనకాలే వెళ్ళాను. గంగాలమ్మ గుమ్మంలో చేపలు కోస్తోంది.

“దారి ఇప్పుడు తెలిసిందేట్రా నీకు?”

“అత్తా, ఆ రోజు తాడు...”

“తాడు సంగతి తరవాత. ముందు కూకో, తిను. పుల్లలాగ అయిపోనావు.”

ముద్దలు కలిపి తనే పెట్టింది. వాడు ఏడుస్తూ తిన్నాడు. నావైపు చూసి, “నీకు పెట్టను అన్నయ్యా. మూడుసార్లు నన్ను తిప్పినావు. నువ్వూ మూడుసార్లు తిరుగు” అంది. తిరుగుతానమ్మా అన్నాను. ఇప్పటికి రెండుసార్లయింది.

శంకర్ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.

మొన్న సోమవారం ఒడ్డున అందరూ వరసగా నిలబడి అలివి వల తాడు లాగుతున్నారు. చంద్రిక గారు వాణ్ణి లాగమనలేదు, వరసలో నిలబడి తాడు మీద అరచెయ్యి ఆనించమన్నారు, అంతే. తాడు వాడి చేతి కింద నుంచి జారిపోతోంది. అప్పుడు గంగాలమ్మ చేపల గంప కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, వరసలో దూరి వాడి ముందు తాడు పట్టుకుంది. వెనక్కి తిరగకుండానే అంది:

“ఈ సివర నానున్నాన్రా. లాగు.”

తల్లీ, ఒక్కొక్క వేలూ ముడుచుకోవడం నా కళ్ళతో చూశాను! వలలో పడ్డవి నాలుగు చిన్న కవళ్ళు, మిగతాదంతా నాచు. పెద్ద చందువా చేప పడ్డప్పుడు కూడా నేనలా గెంతలేదు.

“ఊరికే సూత్తావేటి నాన్నా? పట్టు” అన్నాడు వాడు. వాడి వెనకాల నేనూ పట్టాను.

ఇంకా చాలా రోజులు పడుతుందని చంద్రిక గారు అంటున్నారు. వచ్చే నెల మళ్ళీ పేటకి వచ్చేస్తున్నాం. వాడు బోటెక్కుతానంటే ఆపను. ఈ మాట ఒకసారి కొట్టేసి, మళ్ళీ రాశాను.

తమ్ముడి చేత్తో ఒక్క అక్షరమైనా రాయించి పంపమని కిందటి ఉత్తరంలో అడిగావు. నా సంతకం కింద ఉన్న ఆ వంకర అక్షరాలు నావి కావమ్మా.

ఇట్లు,
నీ దగ్గర ఇక ఏదీ దాచని
నాన్న నూకాలు

అక్కా, నాన్న మీద కోపం ఇంకా పోలేదు. అత్త పులుసు బాగుంది. శంకర్.