ఆ ఒక్క 'మీరు'

ప్రియమైన కళ్ళజోడుకి,

నీ ఉత్తరాన్ని ఓడలో వంటచేసే ఆయన పిండి డబ్బాలో దాచి తెచ్చాడు. దులిపి చదువుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నీ చేతిరాత చూశాక ప్రాణం లేచొచ్చిందిలే.

అత్తయ్య రేషన్ వరసలో నిలబడడానికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే, అందుకే హాయిగా 'నువ్వు' అంటున్నాను. ఆవిడ గదిలో ఉంటే నా కలం కూడా 'మీరు' అనే రాస్తుంది. పక్కన మనిషి ఉంటే 'మీరు', లేకపోతే 'నువ్వు'. ఏడేళ్ళ కాపురంలో పడిన అలవాటు, ఇక పోదు.

పని సంగతి విను. మా లాండ్రీకి రేవు దళం బట్టలు వారానికి నాలుగు వందల జతలు వచ్చేవి. మూడు వారాలుగా తొంభై దాటడం లేదు. మిగతావాళ్ళని సరిహద్దుకి పంపేశారని ఇస్త్రీ బల్ల దగ్గర ఒక సార్జెంటు నోరు జారాడు. ఉన్న తొంభై మందీ నడివయసువాళ్ళే. ప్యాంట్లకి నడుము వదులు చెయ్యమని చీటీలు పెడుతున్నారు. మీ పన్నెండు మంది రేవులో దిగి రేడియో కేంద్రం పట్టుకోవాలంటే ఇంతకన్నా మంచి అదను దొరకదు. ప్రభుత్వాన్ని కూలదోసే ప్రకటనలో కామాలు ఎక్కడ పెట్టాలా అని మీ పెద్దలు ఇంకా కొట్టుకుంటున్నారా?

తమ్ముడు కూడా ఆ పన్నెండు మందిలో ఉన్నాడని రాశావు. ఆపమని అడగను, అడిగినా వాడు వినడు. నా మాట తప్పయితే పోయేది వాడి ప్రాణమేనని మాత్రం చొక్కాలు లెక్కపెట్టేటప్పుడల్లా భయమేస్తోంది.

తేదీ కింద రెండు గీతలు గీశాను. ఎవరి బలవంతమూ లేకుండా రాశానని చెప్పడానికి కార్యదర్శిగారు పెట్టిన గుర్తు అదే కదా. ఆయనకి చూపించు.

నీ
మొండిఘటం

* * *

ప్రియమైన మొండిఘటానికి,

నీ తొంభై జతల మాటతో కమిటీకి రెక్కలొచ్చాయి. మన ప్రభుత్వంతో యుద్ధం చేస్తున్న ఈ దేశంవాళ్ళు చివరికి ఒక పడవ ఇస్తామన్నారు. పరాయి ఊళ్ళో, సైకిల్ షాపు పైగదిలో, పంచర్ల జిగురు వాసన పీలుస్తూ రెండేళ్ళలో మేము కూలదోసిన ప్రభుత్వాలకి అంతులేదు. ఇది మాత్రం నిజంగానే కదులుతోంది. ప్రెస్సులో పని అయ్యాక ప్రకటనని నేనే కంపోజ్ చేశాను. కామాలు ఇంకా మా కమిటీ పెద్దాయన దగ్గరే ఉన్నాయి.

ఒక చిన్న మాట, కోప్పడకు. నీ ఉత్తరాలు కార్యదర్శిగారు అందరిముందూ పైకి చదువుతారు. నీ 'నువ్వు' వచ్చినప్పుడల్లా పెద్దాయన లేని దగ్గు తెచ్చుకుంటాడు. మొన్న మీ తమ్ముడైతే, "అక్క సైనికుల బట్టలకన్నా నిన్నే బాగా ఉతుకుతోంది బావా" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇకనుంచి 'మీరు' అని రాయవూ? దేశాన్ని విడిపించబోయే మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కకూడదా?

నీ
కళ్ళజోడు

* * *

ప్రియమైన మీకు,

నేనూ అత్తయ్యా క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. రేవు దళం బట్టలు ఈ వారం అరవై జతలకి తగ్గాయి. చేపల గట్టు దగ్గర కాపలా ఎత్తేశారు. మీరు ఇక ఆలస్యం చెయ్యకండి. మీవాళ్ళు ఏ రోజు, ఎక్కడ దిగేదీ మీరు ముందుగా రాస్తే, దారి చూపించడానికి మనుషుల్ని పెడతాను.

ఓడ వంటాయనకి జబ్బు చేసింది. ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని మీరు నమ్మవచ్చు. మీరు వేళకి తినండి. మీరు ఆరోగ్యం చూసుకోండి. మీరు నన్ను మరచిపోకండి. తేదీ కింద గీతలు మీరు కార్యదర్శిగారికి చూపించండి.

మీ
భార్య

* * *

ప్రియమైన మొండిఘటానికి,

పెళ్ళయ్యాక మొదటిసారి నా మాట విన్నావు! పేజీ నిండా 'మీరు', 'మీరు'. కార్యదర్శిగారు చదువుతుంటే నేను కాలరు సర్దుకున్నాను. మీ తమ్ముడు మాత్రం, "ఇదేంటి బావా, అక్క ఎవరి ముందో కూర్చుని రాసినట్టుంది" అన్నాడు. నేనే అలా రాయమన్నానని చెప్పి వాడి నోరు మూయించాను.

వచ్చే గురువారం తెల్లవారుతుండగా చేపల గట్టు మెట్ల దగ్గర దిగుతారు. పన్నెండు మందీ జాలరి బట్టల్లో ఉంటారు. నిన్ను చూడొచ్చని మీ తమ్ముడు ఇప్పటినుంచే ఎగురుతున్నాడు. వాడికి కడుపునిండా తినిపించు.

నీ
కళ్ళజోడు

* * *

ప్రియమైన నీకు,

ఇప్పుడు నా పక్కన ఎవరూ లేరు. జైలు లాండ్రీలో నాకు కాపలా ఉండే ఆవిడ గుమ్మం బయట నిలబడింది. ఈ ఉత్తరం చేరవేస్తానంది. ఎందుకని నేను అడగలేదు.

ఓడ వంటాయన్ని పిండి డబ్బాతో సహా రేవులోనే పట్టుకున్నారు. కొట్టి, రెండు గీతల గుర్తు ఆయన చేతే చెప్పించారు. మర్నాడు నన్ను తీసుకొచ్చారు. అధికారి చెబుతుంటే నేను రాశాను. గీతలు గీయమన్నాడు, గీశాను. నాకు మిగిలింది ఒక్క 'మీరు'. వాడికి అది మర్యాదలా కనబడుతుంది, నీకు మాత్రం నా పక్కన మనిషి ఉన్నాడని తెలుస్తుంది అనుకున్నాను. ఎన్ని పడితే అన్ని పెట్టాను.

'మీరు' అని రాయమన్న నీ ఉత్తరం నేను చూడనే లేదు. అది ఆ డబ్బాలోనే దొరికిందట. ముందే చదివాడు కాబట్టే వాడు నన్ను అనుమానించలేదు. అంతా అయిపోయాక నాకు చదివి వినిపించాడు. నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో కూడా రాబట్టాడు.

మనవాళ్ళని మెట్లు ఎక్కకముందే కాల్చేశారు. శుక్రవారం నా దగ్గరికి పన్నెండు చొక్కాలొచ్చాయి. ఒకదానికి గుండీలన్నీ ఒక కన్నం తప్పి పెట్టి ఉన్నాయి. చిన్నప్పటినుంచీ తమ్ముడంతే. గుండీలు విప్పి ఉతికాను. చిల్లులు పడ్డ బట్టలని తుడుపుగుడ్డలకి చింపమంటారు ఇక్కడ. చింపాను.

నీ మీద చెప్పలేనంత కోపంగా ఉంది. అయినా ఇప్పుడు నువ్వు నా పక్కన ఉండాలని ఉంది.

రెండో పడవ కోసం నాచేత మళ్ళీ రాయిస్తారు. ఈసారి 'నువ్వు' అనే రాయిస్తారు. నమ్మకు, ఎవర్నీ పంపకు. ఈ ఉత్తరంలో గీతలు కావాలనే గీయలేదు. అవి ఇప్పుడు వాళ్ళవి. అత్తయ్య పక్కింటివాళ్ళ దగ్గరుంది. నేను పని మీద వేరే ఊరు వెళ్ళాననుకుంటోంది.

నీ
మొండిఘటం

* * *

ప్రియమైన మొండిఘటానికి,

నీ ఉత్తరం వచ్చిన రెండు రోజులకి ఇంకొకటి వచ్చింది. నీ చేతిరాతే. పన్నెండు మందీ మిల్లు వెనక భద్రంగా దాక్కున్నారని, ఇంకా మనుషుల్ని పంపమని ఉంది. అంతా 'నువ్వు', 'నువ్వు'. తేదీ కింద రెండు గీతలు.

కార్యదర్శిగారు రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. గీతలు లేనిది శత్రువు రాయించినదని తేల్చేశారు. నేను అంతా చెప్పాను. నీ 'మీరు'కి అర్థమేమిటో, నలుగురిలో చిన్నతనమై నేను ఏమి అడిగానో, ఏదీ దాచలేదు. కాళ్ళు కూడా పట్టుకున్నాను. పెద్దాయన నన్ను లేవనెత్తి, "మొగుడూ పెళ్ళాల మాటలు పట్టుకుని పడవలు ఆపుతామా నాయనా? గుర్తంటే గుర్తే" అన్నాడు.

గురువారం ఇరవై మంది బయలుదేరుతున్నారు. నా పేరు కూడా రాయించాను. పడవలోనైనా చెప్పి చూస్తాను. ఒక్కడు నమ్మినా చాలు. నమ్మరనే అనిపిస్తోంది. అయినా వాళ్ళని పంపించి ఈ గదిలో కూర్చోవడం ఇంకోసారి నావల్ల కాదు. ఆ రోజు నీ ఉత్తరాన్ని సరిగ్గా చదివింది మీ తమ్ముడొక్కడే.

ఈ ఉత్తరం తెచ్చే మనిషి లేడు. సిరా అయితే ఉప్పునీళ్ళకి చెరిగిపోతుందని పెన్సిలుతో రాస్తున్నాను. చొక్కా కింది అంచు మడతలో పెట్టి కుట్టుకుంటాను. చింపేముందు తడిమి చూడు.

నీ
కళ్ళజోడు