రూతు ఇంట్ల రెండు కరెంట్లు

జనగామ జిల్లా జఫర్‌గఢ్ మండల కాపురస్తురాలు, పోశాలు భార్య గాదెపాక రూతు అను నేను, దేవుని దయతో తెలివి తేటగా ఉండగానే, ఎవరి ఒత్తిడి లేకుండా నా స్వార్జితం గురించి రాయించిన మరణశాసనం. అమలు బాధ్యత నా బిడ్డ సుమలతది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్న.

1. ఇల్లు, చెల్క భూమి నా తదనంతరం కొడుకు సురేందర్‌కు, సుమలతకు సమానంగా చెందవలెను. పోశాలు బతికున్నన్ని రోజులు ఆ ఇంట్ల నుంచి ఆయనను కదిలించే హక్కు ఎవరికీ లేదు.

2. రెండు బర్లు, గోబర్‌గ్యాస్ తొట్టి, ఆ గ్యాసుతోని ఇంట్లనే కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ డబ్బా విడదీయకుండా పోశాలు కోసం ఉంచవలెను. ఎందుకో చెప్త. సురేందర్‌ది భూపాలపల్లి కరెంటు ప్లాంటుల కొలువు. సుమలత మహబూబాబాద్‌ల ఉండి గిసొంటి డబ్బాలు బిగిస్తది. ఇది తెచ్చిన నాడు ఇద్దరు కొట్లాడిన్రు.

"లక్షల ఇండ్లకు ఒక్కకాడ చేస్తేనే కరెంటు అగ్గువకు వస్తది. ఒక్క ఇంటికి గింత పైస పెడితే ఆ ఖర్చు ఎన్నడు తీరాలె?" అన్నడు వాడు.

"తీగెలల్ల దండుగ పోయేది, గాలికి ఆగేది నీ లెక్కల ఏడున్నదన్నా? దీని వేడికి బాపుకు నీళ్లు గుడ కాగుతయి" అన్నది బిడ్డ.

అన్నచెల్లెండ్లకు మాటలు బందయినయి.

ఆ ఎండకాలమే గాలిదుమారానికి స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. తొవ్వల చెట్లు పడ్డయి, దవాఖానకు పోయే దారి లేదు. ఉబ్బసం ముదిరిన పోశాలు ఆక్సిజన్ మిషన్ మీదున్నడు. లైను వచ్చేదాక ఆ మిషన్ డబ్బా కరెంటుతోనే నడిచింది. సురేందర్ ఊరవతల బండి ఇడిచిపెట్టి, చెట్లు దాటుకుంట నడిచొచ్చి, తండ్రి ఛాతీ లేచి పడుతుంటె చూసుకుంట కూసున్నడు. ఫోన్ కలువంగనే చెల్లెకు చెప్పిండు: "బాపు మంచిగున్నడు. నీ డబ్బా నడుస్తున్నది. నువ్వు రా." బిడ్డ వచ్చింది. నేను అన్నం వండిన.

3. కావున డబ్బాను అమ్మరాదు, లైను కనెక్షన్ తీయించరాదు. బావి మోటరుకు లైనే అగ్గువ, సురేందర్ చెప్పింది అబద్ధం కాదు. లైను బిల్లు సుమలత కట్టవలెను, డబ్బా మరమ్మతు సురేందర్ చూడవలెను. తారుమారు కాలేదు, కావాల్ననే రాయించిన.

4. మరిది జగపతికి తొట్టి ఎరువు ఒక బండెడు. "పెండతోని బల్బు ఎలుగుతదా వదినా?" అని ఊరంత నవ్విచ్చిండు. గాలిదుమారం తెల్లారి ఫోన్ చార్జింగుకు మొదలు వచ్చింది ఆయనే. నాకు కోపం లేదు. జర ఉన్నది. ఎరువు మిరపచేనుకు మంచిది.

5. కోడలు ఉమకు నా కుట్టుమిషన్. మామ ఒరిగి కూసునేతందుకు మెత్తలు కుట్టింది ఆమెనే.

6. డబ్బా ఎన్నటికైనా అరుగుతది. అప్పటికి ఇంత కన్న మంచిది, అగ్గువది వస్తదని సుమలత అంటది. నేనూ నమ్ముతున్న. అమ్మ గుర్తని పాతది పట్టుకొని కూసోవద్దు, కొత్తది తెచ్చుకోండ్రి. మన వాడకట్టుల ఊపిరాడనోళ్లు ఇంకెవరన్న ఉంటే, వాళ్లింటికి గుడ ఒక తీగె గుంజుండ్రి.

చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకం.

జఫర్‌గఢ్, 12 ఆగస్టు 2025
(సం.) గాదెపాక రూతు

సాక్షులు: బానోతు హరిలాల్, చిలువేరు తనూజ