పేడ ఎత్తే ట్రాక్టర్

అక్కా,

నీ నడుము అక్కడైనా కుదుటపడిందా? బావ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ సంగతులేవీ తెలియక నాకు ఒకటే దిగులు. నేను బాగానే ఉన్నాను, బీపీ గోలీ మరవడం లేదు.

నువ్వు పోయాక అల్వాల్‌లో మన బర్రెల కొట్టం నీ బిడ్డ లక్ష్మే చూసుకుంటున్నది. పేడ గంపలు మోసి మోసి దానికీ నీలాగే నడుము పట్టేసింది. ఇక బర్రెలను అమ్మేద్దామని మొన్న ఏడ్చింది. చివరికి నిన్న, ముందు పెద్ద తొట్టి ఉన్న పాత ట్రాక్టర్ ఒకటి కొన్నది. రంగు పోయింది, సీటు చిరిగింది. అది పనిచేస్తుందో లేదోనని నాకు అన్నం సయించలేదు.

"అవ్వా, పాతదే గని గట్టిది," అన్నాడు అమ్మినాయన.

"అమ్మేటోళ్లు అందరు గట్లనే అంటరు," అన్నాను.

నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. తొట్టి కూడా నేలకు ఆనుతుంది కదా అని దాని కింద ఇంకొకటి పెట్టాను.

"చిన్నమ్మా, తొట్టికి సుత దిష్టి తగుల్తదా?" అని లక్ష్మి నవ్వింది.

"పనిచేసేది గదే కదనే. జెర ఊకో."

లక్ష్మి సీటెక్కి, నిమ్మకాయలు తొక్కించి, ట్రాక్టర్‌ను పేడ దగ్గరికి నడిపింది. తొట్టి ఒక్కసారి వంగి, మనిద్దరం పొద్దంతా మోసినంత పేడ ఎత్తి దిబ్బ మీద పోసింది.

"బర్రెలను అమ్మను చిన్నమ్మా," అని లక్ష్మి సీటు మీద నుంచే అరిచింది. ఈ వయసులో నేను చప్పట్లు కొట్టాను.

వానలకు నీ సమాధి మీద మట్టి కుంగింది. పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస నాడు పొద్దున్నే తొట్టినిండా ఎర్రమట్టితో ఇద్దరం వస్తాం. ట్రాక్టర్ చప్పుడు ఎక్కువ, నువ్వు భయపడకు.